లష్కర్ గ్యాలరీ: కెప్టెన్ మోకాలు

కిందటి వారం నన్ను తిరుమలగిరిలో, క్లబ్బు ఆఫీసు గుమ్మం ముందు, చెప్పులు విప్పాలా వద్దా అని తేల్చుకోలేని స్థితిలో వదిలేశాను. విప్పలేదు. లోపల అందరూ బూట్లతోనే తిరుగుతున్నారు.

మధ్యలో చేరినవాళ్లకు నాలుగు ముక్కలు. నా పేరు శాంతికుమార్. మాది సీతాఫల్‌మండి. రైల్వేలో గుమాస్తాగా చేసి రిటైరయ్యాను. నా జట్టు లష్కర్ ఎఫ్.సి., మా ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు. ఈ సీజనులో పంతొమ్మిది మ్యాచులాడి మూడంటే మూడు గెలిచింది. పట్టికలో అట్టడుగు నుంచి రెండోది. నేను వెళ్లేనాటికి ఆఖరి మ్యాచ్ ఒక్కటే మిగిలింది, ఆ ఆదివారం. గెలిస్తే ఈ లీగులో ఉంటాం, లేకపోతే కింది లీగుకు జారిపోతాం. ప్రతి మ్యాచ్ అయ్యాక నేను ఫోను ముందు కూర్చుని ఎవరెంత దరిద్రంగా ఆడారో చెబుతాను. నలభై వేల మంది చూస్తారు. ఈ జట్టును కూలగొట్టి మళ్లీ ఎలా కట్టాలో చెప్పిన వీడియోను మాత్రం ఒక ముఖ్యమైన మనిషి చూశాడు. ఆయనే క్లబ్బును కొత్తగా కొన్న హరికిషన్. శుక్రవారం పొద్దున వచ్చి, ఇదే మాట కోచ్ ముందు చెప్పమని కబురు పెట్టాడు. అలా వెళ్లాను.

హరికిషన్‌కు నలభై ఏళ్లుంటాయి. అపార్టుమెంట్లు కట్టి అమ్ముతాడు. ఫుట్‌బాల్ గురించి మా ఆవిడకు తెలిసినంత కూడా ఆయనకు తెలియదు. కాని తెలియదని ఒప్పుకునే తెలివి ఉంది. ఆయన పక్కన కోచ్ వేణుమాధవ్, మెడలో విజిల్‌తో కూర్చున్నాడు. ఈయనది మల్కాజ్‌గిరి. "పొద్దున్నే లోకల్ ట్రైను అందుకోవడంలో ఈయనకున్న చురుకు జట్టుకు కూడా నేర్పితే మనం పట్టికలో సగానికైనా ఎక్కేవాళ్లం" అని నేనొక వీడియోలో అన్నాను. ఆ ముక్క విన్నాడని ఆయన నా వైపు చూడగానే తెలిసింది. నమస్కారం కూడా పెట్టలేదు.

"షురూ చెయ్యుండ్రి అంకుల్," అన్నాడు హరికిషన్. "వీడియోల ఎట్ల చెప్పిన్రో అట్లనే. కోచ్ సాబ్ ఉన్నడని మొహమాటం వద్దు."

నాకు మొహమాటమా! ముప్పై ఏళ్లుగా సిమెంటు మెట్ల మీద కూర్చుని, ఎవరూ వినకపోయినా గొంతు చించుకున్నవాణ్ణి. మెత్తటి కుర్చీ వేసి, ఏసీ పెట్టి, చెప్పమంటే ఆగుతానా?

"గోల్‌కీపర్ మంచి మనిషి సార్," అని మొదలుపెట్టాను. "ఎంత మంచోడంటే, లోపలికొస్తనన్న బంతిని ఎన్నడూ కాదనలే."

హరికిషన్ పక్కున నవ్వాడు. ఆ నవ్వు నాకు సారాలా ఎక్కింది.

"నడిమిట్ల ఇద్దరు డిఫెండర్లున్నరు. తోడికోడండ్ల లెక్క. బంతి వస్తే నువ్వు తియ్యంటే నువ్వు తియ్యని ఒకరి మొకం ఒకరు చూసుకుంటరు. గట్ల చూసుకుంటనే పదకొండు గోల్స్ పోయినై. ఇగ మీ విదేశీ ఫార్వర్డ్. ఆయన ఆఖరిసారి ఉరికింది ఎయిర్‌పోర్టుల, ఫ్లైట్ పోతదని. పంపించేటప్పుడు జెర ముందుగాల బయలెల్లనియ్యుండ్రి, మెల్లగ నడుస్తడు."

"ఓడినప్పుడల్ల గ్రౌండ్ బాగలేదంటరు గద?" అన్నాడు హరికిషన్, కోచ్ వైపు ఓరగా చూస్తూ.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టు. అదే గ్రౌండ్‌ల వచ్చిన టీములు ఐదేసి కొట్టిపోతున్నై గద సార్. గోల్‌కీపర్ దగ్గర్నుంచి చిన్న చిన్న పాసులతోని రావాలని కొత్త పద్ధతి పెట్టిన్రు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది."

వేణుమాధవ్ బల్ల మీద పెన్ను అటూ ఇటూ దొర్లిస్తున్నాడు. పాపం అనిపించలేదు. ఇంకా రెండు అంటే బాగుండుననిపించింది.

"మరేం చెయ్యాలె?" అని అడిగాడు హరికిషన్. ఈసారి నవ్వకుండా అడిగాడు.

"పద్దెనిమిది మందిని తీసెయ్యాలె. ఆరుగురిని ఉంచుకోవాలె. పేరున్నోళ్లను బయటి నుంచి ఒక్కరిని సుత తేవద్దు. బొల్లారంల, మల్కాజ్‌గిరిల, మా సీతాఫల్‌మండి సందులల్ల పంతొమ్మిదేండ్లోళ్లు ఉన్నరు, ఆకలి మీదున్నరు. వాళ్లను తెచ్చి రెండేండ్లు ఓడిపోనియ్యుండ్రి. జనం తిడ్తరు. అందరికంటె ముందుగాల నేనే తిడ్త. మీరు చెవులు మూస్కోని కూసోవాలె. మూడో ఏడు చూడుండ్రి. పాత బిల్డింగు కూలగొట్టేటప్పుడు దుమ్ము లేస్తది సార్, మీకు తెల్వంది కాదు."

హరికిషన్ కుర్చీ కోచ్ వైపు తిప్పాడు. "ఇన్నిరోజుల నుంచి నాకు అర్థమయ్యేటట్టు ఎవడన్న చెప్పిండా?" అన్నాడు. నా జీవితంలో నా ఆట పరిజ్ఞానానికి దక్కిన మొదటి మెప్పు అది. అరవై రెండేళ్ల మనిషికి కళ్లు చెమర్చడం సిగ్గుచేటే, కాని చెమర్చాయి.

"అంత బాగుంది గని, ఒక్క పేరు విడిచిపెట్టిన్రు," అన్నాడు ఆయన. "కెప్టెన్‌ది. ఉంచే ఆరుగురిల లేడు, తీసేసేటోళ్లల లేడు. సోమవారం ఆయనకు రెండేండ్ల కాంట్రాక్టు మీద సంతకం పెట్టిస్తున్నం. మీ ఒపీనియన్ ఏంది?"

కెప్టెన్ నోవహు. మా సందులో పుట్టినవాడు. మా ఇంటికి మూడో ఇల్లు. తల్లి జ్ఞానమణి ప్రైమరీ స్కూల్ టీచరు. భర్త పోయాక ఒక్కతే పెంచింది. ఈ జట్టులో బంతిని ప్రేమించేవాడు ఎవడన్నా ఉంటే వాడొక్కడే. ఆ పేరు నేను విడిచిపెట్టింది మరిచిపోయి కాదు.

"ఇప్పుడే ఎందుకు సార్," అన్నాను. "జెర ఆగి చూడుండ్రి."

అప్పుడు వేణుమాధవ్ నవ్వాడు. పొద్దుట్నుంచి తిన్న దెబ్బలన్నిటికీ కలిపి నవ్వాడు.

"సార్, నేను గిదే చెప్తున్న. టీమ్ మొత్తంల మిగిలిన ఒక్క ప్లేయర్ నోవహు. కొత్త టీమ్ కట్టాలంటే వాని చుట్టే కట్టాలె. గ్యాలరీల కూసోని పల్లీలు నముల్కుంట చెప్పుడు అలకనే. ఈ పెద్దమనిషి ఎన్నడన్న కాలుకు బూటేసిండా? ఒక్క మ్యాచన్న ఆడిండా? ఇంటి పక్క పిల్లగాని ఆటనే ఈయనకు తెల్వది, మనకు టీమ్ కట్టిస్తడంట!"

ఆ మాట నన్ను నిలువునా కాల్చింది. ఎందుకంటే నిజం. నేను ఎప్పుడూ ఆడలేదు. చిన్నప్పుడు ఆయాసం, పెద్దయ్యాక ఉద్యోగం. హరికిషన్ ముఖం చూశాను. ఇందాకటి గౌరవం అందులోంచి కొంచెం కొంచెంగా దిగిపోతోంది.

"తెల్వదా?" అన్నాను. "నాకు తెలిసింది నీకు తెల్వది కోచ్ సాబ్. వాని ఎడమ మోకాలు పోయింది. లోపల లిగమెంట్ సగం తెగింది. ఆపరేషన్ చేసి తొమ్మిది నెలలు ఆడొద్దన్నడు డాక్టర్. మూడు వారాల నుంచి మీ ముందరనే ఆడుతున్నడు. మీకు కనవడ్డదా?"

చెప్పాక మొదటి క్షణంలో నాకు కలిగింది పశ్చాత్తాపం కాదు. వేణుమాధవ్ నోరు మూతపడింది చూడండి, దానికి సంతోషం కలిగింది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

ఈ సంగతి నాకెలా తెలిసిందో చెప్పాలి. మా సంఘంవాళ్లం పన్నెండు మంది ప్రతి శుక్రవారం సాయంత్రం ఒకరింట్లో కూడుకుంటాం. పాట, వాక్యం అయ్యాక ఒక్కొక్కరు ప్రార్థన మనవి చెప్పుకుంటారు. ఎవరి భర్త తాగుతున్నాడో, ఎవరి పిల్ల పరీక్ష తప్పిందో, ఎవరి గర్భసంచిలో గడ్డ ఉందో మా పన్నెండు మందికీ తెలుసు. మర్నాడు బజారులో ఎదురుపడితే ఏమీ తెలియనట్టు టమాటా ధర మాట్లాడుకుంటాం. మూడు శుక్రవారాల కింద జ్ఞానమణి కొడుకు మోకాలి గురించి చెప్పి, "సంతకం అయ్యేదాంక క్లబ్బుల తెలిస్తే పిల్లగాని బతుకు పోతది. ప్రభువుకు, మీకు చెప్తున్న," అని ఏడ్చింది. వేరేవాళ్లయితే ఇలాంటిది తోడబుట్టిన చెల్లెలికి కూడా చెప్పరు. మావాళ్లు పన్నెండు మందికి చెప్పి, రహస్యంగా ఉంచమని దేవుణ్ణి వేడుకుంటారు. ముప్పై ఏళ్లలో ఒక్క మనవి కూడా మా గుమ్మాలు దాటలేదు. దాటించిన మొదటి మనిషిని నేనే.

"ఎవరు చెప్పిన్రు మీకు?" అని హరికిషన్ అడిగాడు.

"వాళ్లమ్మ."

"మీతోనా?"

"ప్రార్థనల," అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. మనవుల సంగతి వివరించాను. వివరిస్తుంటే నా గొంతు నాకే పరాయిగా వినిపించింది. ఆయన మాత్రం విని తల ఊపి, "ప్లేయర్లను ఎతికే మా స్కౌట్లు ఏడాదంత తిరిగి ఒక్క పనికొచ్చే ముక్క తేలే," అన్నాడు. "వాళ్లందరిని తీసేసి శుక్రవారం శుక్రవారం మీ ప్రార్థనకు పంపాలె."

వేణుమాధవ్ లేచి నిలబడ్డాడు. "సార్, ఇయ్యాలనే స్కాన్ తీపిస్త. ఆదివారం ఆడియ్యొద్దు. సగం తెగింది పూర్తిగ తెగితే ఆట కాదు, మెట్లెక్కుడు సుత కష్టమైతది."

"కూసో," అన్నాడు హరికిషన్. "స్కాన్ తీస్తే రిపోర్టొస్తది. రిపోర్టొస్తే ఆడించలేం. వాడు లేకుండ ఆదివారం గెలుస్తమా?"

కోచ్ కూర్చున్నాడు.

"అంకుల్, మీరు చెప్పుండ్రి. ఇప్పటిదాంక అన్ని కరెక్ట్‌గ చెప్పిన్రు. నోవహు లేకుంటే గెలుస్తమా?"

నిజం చెప్పడం నా వృత్తి కదా. "గెలవం," అన్నాను.

"అయితే ఆడనియ్యుండ్రి. సోమవారం కాంట్రాక్టు లేదు. ఆ మాట వానికి ఇప్పుడు చెప్పేది లేదు. మోకాలు సంగతి వాడు మనకు చెప్పిండా? చెప్పలే. మనం సుత చెప్పం. బరాబర్."

అంత నెమ్మదిగా, అంత మర్యాదగా ఒక మనిషి కాలు తీసేయడం నేను అంతకుముందు చూడలేదు. నేను గ్యాలరీలో అరిచే బూతులన్నీ కలిపినా ఆ 'బరాబర్' ముందు పసిపిల్లల మాటలే. అప్పుడు కూడా లేచి రావచ్చు. లేవలేదు. ఎందుకంటే ఆయన బల్ల మీదుగా చెయ్యి చాపి, "కొత్త టీమ్ కట్టే కమిటీల మీరు ఉండాలె అంకుల్. మీరు చెప్పిన ప్లాన్ ప్రకారమే పోదాం. ఆదివారం గెలిచి ఈ లీగుల ఉంటేనే లెండి. కింద పడితే నేను అమ్ముకొని పోత," అన్నాడు.

ముప్పై ఏళ్లు. ఒక్కసారి, ఒక్కడు, నీ జట్టును నువ్వే కట్టుకో అన్నాడు. ఆ చెయ్యి పట్టుకున్నాను. రెండు చేతులతో పట్టుకున్నాను.

మెట్లు దిగుతుంటే వేణుమాధవ్ వెనకాలే వచ్చాడు. కింద సెక్యూరిటీ మనిషి ముందు నన్ను ఆపాడు.

"పెద్దమనిషీ, ఆ తల్లి నిన్ను నమ్మి చెప్పుకుంది."

"నేనేమన్న అబద్ధం చెప్పిన్నా?"

"అబద్ధం చెప్పినా బాగుండు," అన్నాడు. "స్కాన్ తీస్తే వాని మోకాలు మంచిగనే ఉందని తేలుతుండె."

"నువ్వు పోయి వానికి చెప్తే నీ నౌకరి పోతది, చూస్కో," అన్నాను. బెదిరించడానికి కాదు. మూడు గెలుపుల కోచ్‌కు ఇంకో ఉద్యోగం ఎవడిస్తాడని నిజంగానే అనిపించింది. ఆయన నన్ను ఎగాదిగా చూసి గ్రౌండ్ వైపు వెళ్లిపోయాడు.

ఇంటికొచ్చి మా ఆవిడ ఎలీసబెతుకు కమిటీ సంగతి మాత్రమే చెప్పాను. ఆమె పొంగిపోయి అన్నం కూడా సరిగా తినలేదు. "ఇన్నేండ్లు ఆ ఆట పిచ్చితోని నన్ను సతాయించినవు, ఆఖరికి దేవుడు చూసిండు," అంది. మధ్యాహ్నమంతా ఫోన్లో సంఘం ఆడవాళ్లందరికీ చెప్పుకుంది. ఆపుదామంటే ఏమని ఆపాలి?

ఆ శుక్రవారం కూడిక మా ఇంట్లోనే. మాది మొదటి అంతస్తు. ఆరు కాకముందే చాపలు పరిచాం. అందరికంటే ముందు జ్ఞానమణి వచ్చింది, చేతిలో రవ్వలడ్డూల డబ్బాతో.

"వందనాలు అన్నా. కమిటీల తీసుకున్నరంట గద. మా నోవహుకు చెప్తే ఎంత సంతోషపడ్డడో! 'ఇంక లోపల మనోళ్లు ఒకలున్నరమ్మా' అన్నడు."

"లడ్డూలెందుకు సిస్టర్?" అన్నాను.

"సోమవారం సంతకం గద. అయినంక కృతజ్ఞత చెప్పుడు ఎవరైన చెప్తరు. ముందుగాల చెప్తేనే విశ్వాసం అన్నడు పాస్టర్‌గారు పోయిన ఆదివారం." వచ్చినవాళ్లకు వచ్చినట్టు ఒక్కో లడ్డూ పెట్టింది. నాకు రెండు పెట్టింది. తిన్నాను. నెయ్యి బాగా వేసింది.

పాట అయింది. వాక్యం అయింది. మనవులు మొదలయ్యాయి. ఒకావిడ కోడలి కాన్పు గురించి, ఇంకొకాయన ట్రాన్స్‌ఫర్ గురించి చెప్పుకున్నారు. జ్ఞానమణి వంతు వచ్చింది. ఆమె లేచి నిలబడి, దేవుడి వైపు కాకుండా నా వైపు తిరిగింది.

"నా మనవి మీకందరికి ఎరుకే. కాని ఇయ్యాల ఒక మాట శాంతన్నను అడగాలె. డాక్టర్ దగ్గరికి మొన్న మళ్ల పోయినం. ఒక్క మ్యాచ్ సుత ఆడొద్దన్నడు. ఆడితే మొత్తం తెగుతది, మళ్ల మునుపటి లెక్క నడుస్తడని గ్యారంటీ ఇయ్యనన్నడు. ఆడకుంటేనేమో క్లబ్బోళ్లు అనుమానపడ్తరు, సంతకం పెట్టియ్యరు. నాలుగు రోజుల నుంచి పిల్లగాడు ముద్ద మింగుతలేడు. నిన్న ఏమన్నడో తెల్సా అన్నా? 'శాంతి అంకుల్‌ను అడుగు. ఆయన నన్ను తిట్టినా ఆట గురించి ఎన్నడూ అబద్ధం చెప్పలే. ఆయన ఏమంటే అదే' అన్నడు. ఇప్పుడు మీరు లోపలి మనిషి సుత అయిన్రు. చెప్పుండ్రి. ఆడమందునా, వద్దందునా?"

ముప్పై ఏళ్లుగా అడగనివాళ్లకు అభిప్రాయాలు చెప్పినవాణ్ణి. గోల్‌కీపర్ల గురించి, రిఫరీల గురించి, నేనెప్పుడూ చూడని దేశాల జట్ల గురించి చెప్పాను. ఒక మనిషి నా అభిప్రాయం మీద తన కొడుకు కాలు పెట్టి అడగడం అదే మొదలు.

చెప్పాల్సింది ఒక్క మాట. ఆడొద్దను. కాంట్రాక్టు ఎలాగూ పోయింది, కాలైనా మిగులుతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది, అబద్ధమాడను. దాని వెనకాలే తక్కినవన్నీ వచ్చాయి. నోవహు లేకపోతే ఆదివారం ఓడతాం. ఓడితే కింది లీగు. కింది లీగయితే హరికిషన్ అమ్ముకుని పోతాడు. కమిటీ లేదు, ప్లాన్ లేదు, మా సందుల్లోంచి వచ్చే పంతొమ్మిదేళ్ల పిల్లలు లేరు. మళ్లీ సిమెంటు మెట్లు, మళ్లీ ఫోను ముందు ఒంటరిగా కూర్చుని తిట్టడం. ఒక్క తొంభై నిమిషాలు. వాడు మూడు వారాలు ఆడలేదా? ఏమీ కాలేదు కదా. ఇంకోసారి కూడా ఏమీ కాకపోవచ్చు కదా. మోకాలు నాది కాదు కనుక ఈ లెక్కలన్నీ నాకు సుళువుగా తోచాయి.

"అన్నా?" అంది జ్ఞానమణి.

"ఆడమను," అన్నాను.

ఆమె గుండె మీద చెయ్యి వేసుకుంది.

"సంతకం కావాలంటే ఆడాలె గద సిస్టర్," అని కూడా అన్నాను. మొదటి మాటతో ఆగినా సరిపోయేది. ఆగలేదు. "ఆదివారం ఆడితే సోమవారం ఎవరూ కాదనరు. నేనున్న గద అక్కడ."

"దేవునికి స్తోత్రం," అంది ఆమె. పక్కనున్న ఇద్దరు ముగ్గురు కూడా స్తోత్రం అన్నారు. ఎలీసబెతు గర్వంగా నా వైపు చూసింది. జ్ఞానమణి అప్పటికప్పుడే ఫోను తీసి, అందరికీ వినపడేలా స్పీకర్ పెట్టి కొడుక్కి కలిపింది.

"నాన్నా, అంకుల్ ఆడమన్నడు రా."

అటునుంచి పెద్ద ఊపిరి వినిపించింది. నాలుగు రోజులుగా బిగబట్టి ఉన్న ఊపిరి. "ఆడమన్నడా? అయితే ఆడత అమ్మా. అయిపాయె. ఇగ ఫికర్ లేదు." నవ్వాడు కూడా. వాడు చిన్నప్పుడు సండే స్కూల్లో బహుమతి గెలిస్తే ఇలాగే నవ్వేవాడు. "అమ్మా, అంకుల్‌కు ఇయ్యి ఒక్కసారి."

ఫోను నా చేతికొచ్చింది. స్పీకర్ ఎలా ఆపాలో తడుముకున్నాను, దొరకలేదు.

"అంకుల్, థాంక్స్. నాకు తెల్సు మీరు కరెక్ట్ చెప్తరని. ఇంకో ముచ్చట. ఇందాక వేణు సార్ ఫోన్ చేసిండు. నాకొక మాట చెప్పాలంట. ఏంది సార్ అంటే ఫోన్ల చెప్పేది కాదన్నడు, మీ అమ్మ ముందర చెప్తనన్నడు. అమ్మ శాంతి అంకుల్ ఇంట్ల ప్రార్థనల ఉందన్న. 'ఆడనే ఉందా? మంచిదే, ఆడికే వస్త' అన్నడు. బండి మీద బయలెల్లి అర్ధగంట అయితుంది. నేను సుత టీమ్ క్యాంపు నుంచి ఆటోల వస్తున్న."

"ఇక్కడికా?" అన్నాను.

"పరేషాన్ కాకుండ్రి అంకుల్, సంతకం గురించే అయి ఉంటది. మీరు కమిటీల ఉన్నరు గద, మీ ముందర చెప్తే బాగుంటదని అనుకున్నడేమో. నేనొచ్చేదాంక ప్రార్థన ముగించకుండ్రి."

ఫోను పెట్టేశాడు. అందరి ముఖాలూ వెలిగిపోతున్నాయి. కోచే స్వయంగా ఇంటికి వస్తున్నాడంటే మాటలా? మిగిలిన లడ్డూలు ఇద్దరికి సరిపోతాయా అని జ్ఞానమణి డబ్బా మూత తీసి చూసుకుంది. తర్వాత కొంగు తలమీదికి లాక్కుని, నా ఎదురుగా మోకరించింది.

"ఇయ్యాల ప్రార్థన మీరే నడిపియ్యుండ్రి అన్నా. నా కొడుకు కోసం మీరే చెయ్యాలె."

పదకొండు తలలు వంగాయి. నేనూ మోకాళ్ల మీద కూర్చున్నాను. "ప్రభువా," అన్నాను. ఎలీసబెతు మోచేత్తో నన్ను పొడిచింది, కానియ్యమని. మళ్లీ "ప్రభువా" అన్నాను.

కింద సందులో బండి ఆపి ఎవరో శాంతికుమార్ ఇల్లు ఎక్కడని అడుగుతున్నారు. పక్కింటివాళ్లు మెట్లు చూపించి, అందరూ పైనే ఉన్నరు, పోండి అంటున్నారు.